కంక (వెదురు) చీల్చడం: గంపకు, చాటకు, సిబ్బికి బద్దలు తీసే మేదరి పద్ధతి

అల్లిక చూసి నేర్చుకోవచ్చు. ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి పోనిస్తూ ఉంటే కాసేపటికి లెక్క చేతికి వస్తుంది. కొత్తవాళ్ల చేయి ఆగిపోయేది బద్ద తీసే దగ్గర. సగం దాకా తిన్నగా వచ్చిన చీలిక ఒక్కసారి పక్కకు జారిందంటే ఆ బొంగు పొయ్యిలోకే. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ, అంకీస, ఆసరెల్లి వైపు మేదరి ఇళ్లలో చూడండి. గంప అల్లే సమయం కంటే బద్దలు సిద్ధం చేసే సమయమే ఎక్కువ. అందుకే ఇక్కడ అల్లిక జోలికి పోకుండా బద్ద గురించే చెబుతాను.

పని మొత్తానికీ మూలం ఒక్కటే. వెదురును కత్తి కొయ్యదు, తెరుస్తుంది. తెరిచాక చీలిక ఎటు పోవాలో నిర్ణయించేవి చేతులు. ఇది అర్థమైతే మిగతాదంతా అలవాటు మీద వస్తుంది.

కంక ఎంచుకోవడం

గోదావరి, ప్రాణహిత, ఇంద్రావతి మధ్య ఉన్న మన గడ్చిరోలి కొసలో అడవి కంక రెండు రకాలు. ఎక్కువగా దొరికేది సన్నగా, గోడ మందంగా ఉండే రకం. శాస్త్రం పేరు డెండ్రోకలామస్ స్ట్రిక్టస్, మరాఠీ వాళ్లు మాన్వేల్ అంటారు. వాగుల పక్కన, తడి నేలలో పెరిగే రెండోది ముళ్ల వెదురు. అది లావుగా, ఎత్తుగా ఉంటుంది, గనుపుల దగ్గర ముళ్లు. గుమ్మికి (ధాన్యం దాచే పెద్ద బుట్టకు), తడకకు ముళ్ల వెదురు పనికొస్తుంది. చాట, సిబ్బి (అన్నం వార్చే అల్లిక పళ్లెం), జల్లెడ లాంటి సన్న పనికి మాన్వేల్ రకమే మేలు.

మాన్వేల్‌లోనూ ఒక తిరకాసు ఉంది. నీళ్లు తక్కువ దొరికే రాళ్ల గుట్టల మీద పెరిగినది లోపల బోలు లేకుండా గట్టిబడిపోతుంది. లాఠీకి, గొడ్డలి కామకు అది బంగారమే. బద్దలకు మాత్రం దండగ. మధ్యలో బోలు లేకపోతే చీలికకు దారి దొరకదు. వేలు దూరేంత బోలు, చిటికెన వేలి మందం గోడ ఉన్న బొంగు చూసుకోండి. కొనేటప్పుడు అందరి కళ్లూ లావు బొంగు మీదే పడతాయి. నన్నడిగితే లావు కంటే గనుపుకూ గనుపుకూ మధ్య దూరం చూడాలి. జానెడున్నర దూరం, వంకర లేని బొంగు దొరికిందంటే అది సన్నగా ఉన్నా వదలొద్దు.

ఇక వయసు. ఏడాది లోపు కంకకు ఒంటి మీద పొట్టు రేకులు అంటుకుని ఉంటాయి, తెల్లటి బూడిద లాంటి పొడి కనిపిస్తుంది. ఇది చీలుతుంది కానీ ఎండితే ముడుచుకుపోతుంది, పురుగు తొందరగా పడుతుంది. పైగా దాన్ని కొడితే పొదకు దెబ్బ, వచ్చే ఏడాది పిలకలకు బలం ఇచ్చేది అదే. రెండు, మూడేళ్ల కంకకు ఆ పొడి రాలిపోయి ఆకుపచ్చ కాస్త మందగిస్తుంది, గనుపుల దగ్గర అక్కడక్కడ తెల్ల మచ్చలు వస్తాయి. బద్దలకు సరైన వయసు ఇదే. నాలుగేళ్లు దాటి పసుపు తిరిగినది గంప అంచు పట్టీకి, కర్రలకు బాగుంటుంది. కత్తి వెనకతో తడితే లేతది మెత్తగా, మొద్దుగా పలుకుతుంది. ముదిరినది ఖంగుమంటుంది.

పూత పట్టిన పొద జోలికి పోవద్దు. వెదురు దశాబ్దాలకు ఒకసారి పూస్తుంది, పూసిన పొద ఎండి చచ్చిపోతుంది. ఆ కంక పెళుసు. అనుమానం ఉంటే గోరంత సన్నని పేడు తీసి వేలికి చుట్టి చూడండి. చుట్టుకుంటే సరే, పుటుక్కుమంటే వదిలేయండి.

ఎప్పుడు కొట్టాలి, ఎక్కడ కొట్టాలి

వానకాలంలో కంక కొట్టరు. అప్పుడే కొత్త పిలకలు నేల చీల్చుకుని వస్తుంటాయి, తొక్కితే విరిగిపోతాయి. దసరా, దీపావళి పోయి చలి మొదలయ్యాక, శివరాత్రి లోపు కొట్టుకోవడం పద్ధతి. చలికాలంలో బొంగులో పిండి పదార్థం తక్కువగా ఉంటుంది, పొడి రాల్చే పురుగుకు కావలసింది అదే. అమావాస్య దగ్గర కొడితే పురుగు పట్టదని పెద్దలు అంటారు. నేను దాన్ని పాటించమనీ వద్దనీ చెప్పను కానీ, చలికాలం మాట మాత్రం కచ్చితంగా పాటించండి.

ఇందులో ఒక చిక్కుంది. సిబ్బికి గిరాకీ వచ్చేది బతుకమ్మకు, అంటే సరిగ్గా కంక కొట్టకూడని రోజులు అయిపోతూ ఉండగా. పూలు పేర్చడానికి స్టీలు తాంబాలం వాడేవాళ్లు ఎక్కువైనా, సిబ్బి కావాలని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ రోజుల్లో పచ్చి బద్దలు అప్పటికప్పుడు దొరకవు. చలిలో కొట్టి, చీల్చి, ఎండబెట్టి దాచుకున్న బద్దలే భాద్రపదంలో నీళ్లలో వేసి తీస్తారు. అందుకే చివర్లో దాచుకోవడం గురించి కాస్త ఎక్కువ చెప్పాను.

పొదలో బయట ఉండేవి లేతవి, లోపల ఉండేవి ముదురువి. ఒక పక్క నుంచి దారి చేసుకుని లోపలివి కొట్టాలి, బయటివి వదలాలి. నేలకు ఒకటి రెండు గనుపులు విడిచి, గనుపుకు కాస్త పైన నరకండి. గనుపుకు చాలా పైన నరికితే మోడులో వాన నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. పొదలోకి చేయి పెట్టేముందు కర్రతో నాలుగు దెబ్బలు వేయండి, పాములకు అది ఇష్టమైన చోటు. వంగి ఉన్న కంకను కొట్టేటప్పుడు వంగిన దిక్కున నిలబడొద్దు. అది తెగగానే చప్పున లేచి కొడుతుంది.

అనుమతి సంగతి చిన్నగా. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తిగా లెక్కించింది. సామూహిక హక్కు ఉన్న గ్రామసభే తన అడవిలో వెదురు కోత నిర్ణయించుకోవచ్చు. మన జిల్లాలోనే ధానోరా తాలూకాలోని మెండా లేఖా గ్రామం 2011లో తన వెదురుకు తనే రవాణా పాసు ఇచ్చుకునే హక్కు సాధించింది. 2017 సవరణతో అడవి బయట, సొంత పొలంలో పెంచిన వెదురు చెట్టు లెక్కలోంచి పోయింది. మీ ఊరు ఏ లెక్కలోకి వస్తుందో గ్రామసభలో అడిగి, పాసు చేతిలో పెట్టుకునే కొట్టండి. బురుడ్ (వెదురు పని చేసే) పనివాళ్లుగా నమోదైతే అటవీ శాఖ డిపో నుంచి తెచ్చుకునే దారి కూడా ఉంటుంది.

పనిముట్లు

పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. ముక్కలు చేయడానికి సన్న పళ్ల రంపం. చీల్చడానికి వెన్ను మందంగా ఉన్న కత్తి ఒకటి, పొరలు తీయడానికి, గీకడానికి పలచటి కత్తి ఒకటి. కొట్టడానికి కొయ్య గూటం. కింద పెట్టుకోవడానికి చెక్క మొద్దు. తొడ మీద వేసుకోవడానికి మందపాటి తోలు ముక్క, లేదంటే పాత జీన్స్ గుడ్డ నాలుగు మడతలు.

రెండు కత్తులు ఎందుకంటే, చీల్చే కత్తికి పదును ఎక్కువైతే నష్టం. బాగా పదునున్న అంచు నారను కోసుకుంటూ తన దారిన తను పోతుంది. మొండిగా, మేకులా ఉన్న అంచు నారల మధ్య సందు వెతుక్కుంటుంది. కొత్తవాళ్లు సాన పట్టిన కొత్త కత్తి తెచ్చి చీల్చబోతారు. దాన్ని గీకడానికి దాచుకోండి. చీల్చే కత్తి అంచును ఆకురాయితో ఒక్కసారి మందం చేయండి.

చీల్చడం

కొట్టిన వారం లోపు చీల్చేయాలి, పచ్చిగా ఉన్నప్పుడు ఉన్న సుఖం ఎండాక ఉండదు. వెంటనే కుదరకపోతే వాగు మడుగులోనో తొట్టిలోనో ముంచి ఉంచండి. మన దగ్గర ఎండ తెలుసు కదా. మధ్యాహ్నం అరుగు మీద వదిలేసిన బొంగు సాయంత్రానికే కొసల్లో నెర్రెలిస్తుంది. పని చేసేటప్పుడు కూడా మిగతా బొంగుల మీద తడి గోనెపట్టా కప్పి ఉంచాలి.

ముందు ముక్కలు. మొదటి రెండు మూడు గనుపులు పొట్టిగా, వంకరగా ఉంటాయి. అవి మేకులకు. కొస వైపు కొమ్మలు వచ్చిన భాగం తడకకు. మధ్య భాగమే బద్దలకు. గంపకైతే నాలుగైదు అడుగులు, చాటకైతే మూడడుగులు చాలు. రంపం వేసేటప్పుడు రెండు కొసలూ గనుపుకు దూరంగా, గనుపుల మధ్యలో పడేలా చూడండి. గనుపు మీద కోస్తే చీలిక మొదలు పెట్టడమే కష్టం.

తర్వాత గనుపుల ఉబ్బు చెక్కేయాలి. పలచటి కత్తితో గనుపుకు అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి గీకి మిగతా బొంగుతో సమం చేయండి. కత్తి ఒకే వైపు నుంచి పోనిస్తే కింది నార కూడా లేచి వస్తుంది. ఇది విసుగు పని. అయినా మానితే ముందు ముందు ఆ బొంగులోంచి వచ్చే ప్రతి బద్దకూ విడిగా ఆ విసుగు పడాలి.

ఇప్పుడు అసలు పని. బొంగును నిలువుగా మొద్దు మీద పెట్టండి, కొస వైపు పైకి ఉండాలి. కత్తి అంచును బొంగు నోటి మీద సరిగ్గా నడిమధ్య ఆనించి, వెన్ను మీద గూటంతో కొట్టండి. గట్టిగా ఒక్కటి కాదు, చిన్నగా రెండు మూడు. కత్తి రెండు వేళ్ల లోతు దిగాక కొట్టడం ఆపి, కత్తిని అటూ ఇటూ తిప్పండి. ఠప్పుమని మొదటి గనుపు దాకా విచ్చుకుంటుంది. గనుపు దగ్గర మళ్లీ చిన్న దెబ్బ. ఒకటి రెండు గనుపులు దాటాక కత్తి తీసేయవచ్చు. చీలికలోకి అడ్డంగా ఒక గట్టి కర్రముక్క దూర్చి కిందకు నెట్టుకుంటూ పోతే పొడుగు బొంగులు తేలిగ్గా చీలతాయి.

వచ్చిన సగాన్ని మళ్లీ సగం. దాన్ని మళ్లీ సగం. ఎప్పుడూ సగమే చేయాలి. మూడు భాగాలు చేయబోయి ఒక వంతును తెగ్గోయాలని చూస్తే చీలిక సన్న వైపు జారుతుంది. చీలికకు రెండు వైపులా సమానమైన మందం ఉంటేనే అది మధ్యలో నడుస్తుంది. అయిదు సెంటీమీటర్ల అడ్డం ఉన్న బొంగుకు చుట్టుకొలత పదిహేను, పదహారు సెంటీమీటర్లు. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు చేస్తే ఒక్కో బద్ద దాదాపు సెంటీమీటరు వెడల్పు వస్తుంది. గంప నిలువు బద్దకు అది సరైన కొలత. చాట, సిబ్బి అల్లికకు ఇంకోసారి సగం చేయాలి.

నాలుగు ముక్కలయ్యాక లోపలి అడ్డు తెరలు, అంటే గనుపు దగ్గర బోలును మూసిన బిళ్లలు, కత్తి వెన్నుతో తట్టి రాల్చేయండి. అవి ఉంచి ఇంకా చీలిస్తే చీలిక వాటి దగ్గర తడబడుతుంది.

చీలిక పక్కకు పోతే

పోతుంది. గనుపుల మధ్య వెదురు నారలన్నీ బారుగా ఒకే దిక్కుకు ఉంటాయి, అడ్డ నార ఉండదు. అందుకే అంత సాఫీగా చీలుతుంది. గనుపు దగ్గర మాత్రం నారలు ఒకదానిలోకి ఒకటి మెలిపడతాయి. చీలిక అక్కడే దారి తప్పుతుంది, ఎక్కువగా సన్న వైపు.

మా వాడకట్టులో ఒక మేదరి అవ్వ ఉంది. ఒకసారి పిల్లవాడు చీలుస్తున్న బద్ద మూడో గనుపు దాటగానే పక్కకు వాలడం మొదలైంది. వాడు కత్తిని ఇంకా లోపలికి నెట్టాడు. అవ్వ వాడి మణికట్టు పట్టుకుంది.

“కత్తి నూకకు బిడ్డా. మందమున్నదాన్ని వంచు. సన్నదాన్ని కదలనియ్యకు.”

“ఇంకా జారదా అవ్వా?”

“నువ్వు ఎటు వంచితే అటే పోతది. చూడు.”

బద్దను తన ఒళ్లోకి లాక్కుని, సన్న పాయను మోకాలి మీద నిలువుగా ఆనించి కుడి అరచేత్తో నొక్కి పట్టింది. మందం పాయను ఎడమ చేత్తో బయటికి విల్లులా వంచింది. రెండు బొటనవేళ్లూ చీలిక మొన దగ్గరే, వేలు వెనక వేలు. చీలిక ఒక జానెడు దూరం పోయేసరికి నెమ్మదిగా మందం వైపు జరిగి మధ్యకు వచ్చింది. అప్పుడు చేతులు రెండూ సమానం చేసి మామూలుగా లాగేసింది. కత్తి నేల మీదే ఉంది.

అవ్వ చెప్పిన దానికి కారణం కష్టమైనది కాదు. రెండు పాయల్లో ఏది ఎక్కువ వంగితే చీలిక దాని వైపు కొరుక్కుంటూ పోతుంది. సన్నది సహజంగానే ఎక్కువ వంగుతుంది కాబట్టి తప్పు ఎప్పుడూ అటే జరుగుతుంది. మందం పాయను కావాలని ఎక్కువ వంచితే సరి. మొన ఇంకా వేలెడు మందం పక్కకు పోకముందే దిద్దాలి. బాగా జారాక ఏం చేసినా రాదు. అప్పుడు బద్దను తిరగేసి అవతలి కొస నుంచి కొత్తగా మొదలు పెట్టండి, రెండు చీలికలూ మధ్యలో కలుస్తాయి. కలిసిన చోట కాస్త మందం తేడా వస్తుంది, గీకితే పోతుంది.

పొరలు తీయడం

ఇప్పటిదాకా చేసింది వెడల్పు కోసం. పలచగా కావాలంటే అడ్డంగా పొరలు తీయాలి. నారలు పై తొక్క కింద దట్టంగా, లోపలికి పోయే కొద్దీ పలచగా ఉంటాయి. కాబట్టి గోడలో బయటి మూడో వంతే నిజమైన బలం. లోపలి తెల్లటి మెత్తని భాగాన్ని ముందే ఒక చీలికతో తీసి పక్కన పెట్టండి, పొయ్యికో తడకకో పనికొస్తుంది.

మిగిలిన బద్దను మళ్లీ మందంలో సగం, ఆ సగాన్ని మళ్లీ సగం. కొస దగ్గర పలచటి కత్తి అంచును మందానికి నడిమధ్య పెట్టి వేలెడు లోతు తెరవండి. తర్వాత కత్తి పక్కన పెట్టి, పై పొరను ఒక చేత్తో, కింది పొరను ఇంకో చేత్తో పట్టి విడదీయండి. బద్ద చివరను కాలి బొటనవేలి సందులో బిగించి పట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. పెద్దవాళ్లు ఒక పొరను పళ్ల మధ్య పట్టుకుంటారు. మీరు ఆ పని చేయకండి, పన్ను విరిగితే సిబ్బి అమ్మిన డబ్బు సరిపోదు. దిద్దుబాటు సూత్రం ఇక్కడా అదే. పై పొర పలచబడుతుంటే కింది పొరను వంచండి.

ఆకుపచ్చ తొక్క ఉన్న మొదటి పొర గంప నిలువుకు, అంచు కట్టుకు. దానికి నీళ్లు తొందరగా పట్టవు. రంగు కూడా పట్టదు, రంగు బుట్టలకైతే తొక్క గీకేయాల్సిందే. రెండో పొర చాట అల్లికకు. మూడోది లోపలి భాగాల నింపుడుకు. వంచేటప్పుడు తొక్క వైపు ఎప్పుడూ బయటికే ఉండాలి. లోపలికి పెడితే మడత దగ్గర పెచ్చు లేస్తుంది.

మందం ఎంత అని అడిగితే, చాటకు అర మిల్లీమీటరు నుంచి ఒకటి, గంప అల్లికకు ఒకటి, నిలువు బద్దకు రెండు దాకా. కొలబద్ద కంటే నమ్మకమైన పరీక్ష ఉంది. పొరను వంచి రెండు కొసలూ కలపండి. వంపు గుండ్రంగా వస్తే మందం అంతటా ఒకటే. ఎక్కడైనా కోణంలా మొన తేలితే అక్కడ పలచన, అల్లేటప్పుడు సరిగ్గా అక్కడే విరుగుతుంది.

మిషను తీసిన బద్దలు మార్కెట్లో దొరుకుతున్నాయి. అగరుబత్తి పుల్లలకు, ఒకే కొలత కావలసిన వాటికి అవి బాగానే ఉంటాయి. కానీ బ్లేడు నారను చూడదు, కొలతను చూస్తుంది. అలా నార తెగిన బద్ద చాట మూల మడత దగ్గర నిలబడదు. చేతి బద్ద ధర ఎక్కువని బేరమాడేవాళ్లకు ఈ మాట చెప్పండి.

గీకడం

తొడ మీద తోలు వేసుకుని, కత్తిని దాని మీద కదలకుండా అంచు నిలువుగా పట్టుకోండి. కత్తికీ తోలుకూ మధ్య బద్దను దూర్చి మీ వైపు లాగండి. కత్తి ఆగి ఉండాలి, బద్ద కదలాలి. చాలామంది తిరగేసి చేసి తొడ కోసుకుంటారు. వెడల్పు సమం చేయడానికి మొద్దులో రెండు చిన్న కత్తులను కావలసినంత దూరంలో నిలువుగా దిగ్గొట్టి, మధ్యలోంచి బద్దను లాగుతారు.

బద్ద అంచు బ్లేడుతో సమానం. వేళ్లతో దాని పొడవునా తుడవకండి, గుడ్డతోనే. పేడు గుచ్చుకుంటే లోపల విరగకుండా వెంటనే తీసేయండి, లోతుగా దిగితే ధనుర్వాతం రాకుండా సూది వేయించుకోండి.

దాచుకోవడం

పచ్చి బద్దలను అలాగే కట్టలు కట్టి పెడితే బూజు పడుతుంది. ముందు ఒకటి రెండు వారాలు నీళ్లలో నానబెట్టండి, పారే నీళ్లయితే ఇంకా మంచిది. లోపలి పిండి పదార్థం తగ్గి పురుగుకు తిండి అంతగా దొరకదు. తొట్టిలో అయితే రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చాలి, లేకపోతే వీధంతా వాసన. తీశాక నీడలో, గాలి తగిలేలా పరిచి ఆరబెట్టండి. ఎండలో పెడితే మెలితిరిగి పోతాయి.

ఆరిన బద్దలను పొరల వారీగా విడివిడిగా కట్టి పొయ్యి పైన అటక మీద పెట్టేవాళ్లు. కట్టెల పొగ తగిలిన బద్దకు పురుగు పట్టదు, రంగు కూడా తేనె వన్నెకు తిరుగుతుంది. ఇప్పుడు గ్యాసు పొయ్యిలు వచ్చాయి కాబట్టి ఆ సౌకర్యం పోయింది. పూల బుట్టలకు, అలంకార వస్తువులకు బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో నానబెట్టి వాడుకోవచ్చు. అన్నం వార్చే సిబ్బికి, బియ్యం చెరిగే చాటకు ఆ మందు వద్దే వద్దు. వాటికి నీటి నానుడే చాలు. చాటకు తర్వాత ఇంట్లో ఎలాగూ మెంతి పిండి, కాగితం గుజ్జు కలిపి పూసుకుంటారు, సందులు మూసుకుపోతాయి.

అల్లే ముందురోజు రాత్రి కావలసినన్ని బద్దలే నీళ్లలో వేయండి. తొక్క పొరకు రాత్రంతా కావాలి, రెండో పొరకు రెండు గంటలు చాలు. తీసి తడి గుడ్డలో చుట్టి, ఒక్కొక్కటే బయటికి లాగి అల్లండి. మిగిలినవి అదే రోజు మళ్లీ ఆరబెట్టండి, రెండోసారి నానబెడితే ఏమీ కాదు కానీ మూడోసారికి నల్ల మచ్చలు పడతాయి.